వేలెడు కోత

లోపల కట్టెలు కోస్తున్నారని సుక్రు మొదట అనుకున్నాడు. మంచు ఇంకా విడలేదు. ఆస్పత్రి వెనకున్న రేకుల కొట్టు సగం కనిపిస్తోంది, సగం కనిపించడం లేదు. ఆ కనిపించని సగంలోంచి రంపం చప్పుడు, వెళ్లి వచ్చి, వెళ్లి వచ్చి, మధ్యలో కాస్త ఆగి, మళ్లీ వెళ్లి. డాక్టరు బాబుకి వేడినీళ్లు కాచాలి కదా, పొయ్యిలోకి ఏదో కోసుకుంటున్నారు, అని తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకుంటూనే చెవి ఒగ్గి విన్నాడు. మద్ది మీద రంపం బొంగురుగా పలుకుతుంది, టేకు మీద సన్నగా పలుకుతుంది, పచ్చి వెదురైతే కీచుమంటుంది. పదేళ్ల నుంచి అడవిలో మానులు కోస్తున్నవాడు, ఏ మాను ఎలా పలుకుతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఇది ఏ మానుదీ కాదు. పైగా ఆ కొట్టులో కట్టెలు లేవు. పొద్దున అన్నను లోపల పడుకోబెట్టినప్పుడు చూశాడు. నడుమ ఒక రాతి అరుగు, మూల రెండు బకెట్ల నీళ్లు, పైన చిన్న కిటికీ. అంతే. కట్టెలు లేని కొట్టులో రంపానికి ఏం పని?

పనస చెట్టు మొదట్లో కూర్చున్న రత్నాలు తల ఎత్తింది. అన్న గాసి పెళ్లాం, తనకు వదిన. తెల్లవారుజామున ఊళ్లో బయల్దేరినప్పటి నుంచి ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. డోలీ వెనకే నడిచి వచ్చింది. వాగు దగ్గర ఆగితే ఆగింది, లేస్తే లేచింది. ఇప్పుడు అక్కడి నుంచే అడిగింది.

"రంపం ఏటికి?"

"కట్టెలు కోత్తన్నారు, వదినా. నీళ్లు కాసుకోడానికి."

ఆమె మళ్లీ తల దించుకుంది. నమ్మిందో లేదో తెలియలేదు. నమ్మే ఉంటుంది. సుక్రు అబద్ధం చెప్పడు అన్నది ఊరంతా అనే మాట, అడవిలో దారి తప్పినా తప్పానని చెప్పేస్తాడు, గురి తప్పినా చెప్పేస్తాడు అని అన్న నవ్వేవాడు. అలాంటి నోట్లోంచి అబద్ధం ఎంత సులువుగా జారింది. దీన్ని తను అల్లలేదు, వెతకలేదు, నాలుక మీద సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది. నేస్తం లోపలే ఉన్నాడు కదా, అనుకున్నాడు వెంటనే. రామారావు లోపలే ఉన్నాడు, ఏం జరిగినా అతను చూస్తుంటాడు, చూసింది చూసినట్టు వచ్చి చెబుతాడు. ఎడమ డొక్క కింద ఒక్క వేలెడు కోత, అంతకు మించి కత్తి కదలనివ్వనని అమ్మ ముందు చెప్పాడు. తన చూపుడువేలు చాచి, రెండో చేతి వేలితో మొదలు నుంచి గోరు దాకా గీసి చూపించాడు. అమ్మ యర్రమ్మ ఆ వేలినే చూస్తూ ఉండిపోయింది.

రామారావు ఈ ఆస్పత్రి కాంపౌండరు. పల్లపు మనిషి, పార్వతీపురం వైపు వాడు. వచ్చిన మొదటి ఏడాది వానల్లో మందుల పెట్టె పట్టుకుని ఊళ్లు తిరుగుతూ, తమ గుమ్మం ముందే చలిజ్వరంతో కూలిపోయాడు. పదిహేను రోజులు ఇంట్లో పడుకోబెట్టారు. అమ్మ చోడంబలి పోసేది, రత్నాలు వదిన చన్నీళ్ల గుడ్డ నుదుటికి వేసేది, రాత్రిళ్లు వణుకు పుడితే అన్నా తనూ చెరో పక్కా పడుకుని ఆ ఒంటికి వేడి ఇచ్చేవాళ్లు. లేచి కూర్చున్న రోజున అతనే అడిగాడు, మీరు నేస్తం కట్టుకుంటారట కదా, నాతో కడతావా అని. పసుపు బియ్యం నుదుట అద్దుకున్నారు, తలగుడ్డలు మార్చుకున్నారు, ఒకే ఆకులో తిన్నారు. నేస్తం కట్టుకున్నాక ఒకరి పేరు ఒకరు పలకరాదు. ఆ రోజు నుంచి ఇద్దరికీ ఒకటే పేరు, నేస్తం. ఆ పదిహేను రోజుల్లోనే ఒక సాయంత్రం రామారావు తన పాత కొలువు గురించి చెప్పాడు. విశాఖపట్నంలో డాక్టరు చదువు చదివే కుర్రాళ్ల దగ్గర నీళ్లు అందించేవాడట, వాళ్లు మొదట కప్పల్ని, తర్వాత మనుషుల్ని కోసి నేర్చుకుంటారట. దాన్ని డిసెక్షన్ అంటారు. అన్న ఆ మాట పలకలేక పొట్ట పట్టుకుని నవ్వాడు. భయపడకండి, అది చంపడం కాదు, ముక్కలు చెయ్యడం కాదు, మూట విప్పి చూసి మళ్లీ కట్టినట్టు, అన్నాడు రామారావు. విప్పి చూడ్డం. ఆ మాట సుక్రుకు నచ్చింది. దేన్నయినా విప్పి చూస్తే నిజం తెలుస్తుంది కదా అనుకున్నాడు. అన్న మాత్రం నవ్వు ఆపి, ఇప్పిన మూట మునుపట్లాగ ఎప్పుడు కట్టినారు అని అడిగాడు.

రంపం ఆగింది. ఆగాక ఇంకా ఘోరంగా ఉంది. ఇప్పుడేం చేస్తున్నారో చెవికి తెలియదు.

నా వంతు కదా అది, అనుకున్నాడు. ఘాటు రోడ్డు పనికి ఇంటికొక మనిషి వెళ్లాలి, వారం వారం వంతు మారాలి, ఆ వారం తనది. ముందు రోజు జీలుగు కల్లు ఎక్కువై తను లేవలేదు. అన్న తనను లేపనూ లేదు. గడ్డపార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మూడో రోజున కొండవాలులో వలిసె చేను కోతకొచ్చింది, ఒక్క పూట వదలమని మేస్త్రీ సన్యాసిని అడిగాడట. అడిగినందుకు కాదు, రెండోసారి అడిగినందుకు కొట్టాడని చూసినవాళ్లు చెప్పారు. పార కర్రతో మూడు దెబ్బలు, మూడూ ఎడమ డొక్కలోనే. నలభై మంది చూశారు. అన్న ఎవరి భుజమూ పట్టుకోకుండా ఇల్లు చేరాడు, ఎడమచేత్తో డొక్క పట్టుకుని, కుడిచేత్తో గడ్డపార పట్టుకుని. సన్యాసి మేస్త్రీ కొట్టినాడురా అన్నాడు, ఫిర్యాదులా కాదు, వాన పడిందిరా అన్నట్టు. మొన్న తెల్లవారేసరికి ఒళ్లు చల్లబడింది. సుక్రు ఆ డొక్క తడిమి చూశాడు. నల్లగా కమిలి ఉంది, వేలితో నొక్కితే లోపల రెండు చోట్ల ఎముక కదిలింది. వేట జంతువుల్ని విప్పిన చెయ్యి అది, దానికి తెలుసు. కోయకుండానే తెలుసు. మరి ఎందుకు కోయించాను?

ఈ కొండ ఊళ్లకి పెద్ద, ముఠాదారు, వచ్చి చూశాడు. వచ్చే ఆదివారం సంతకి ఫిర్యాదులు వినే సర్కారు దొర మకాం వస్తాడు, నలభై మందినీ తీసుకెళ్లి దొర ముందు నిలబెడతాను, ఒకే మాట చెప్పండి అన్నాడు. అది చాలు అనుకున్నారు అందరూ. నిన్న మధ్యాహ్నం చితికి కట్టెలు పేరుస్తుంటే రామారావు వచ్చాడు, కొండ పరుగున ఎక్కినట్టున్నాడు, చొక్కా తడిసి ముద్దయి ఉంది. అన్న మొహం చూసి నేల మీద కూలబడి ఏడ్చాడు. తర్వాత తనను చాటుకు పిలిచి చెప్పాడు. నలభై నోళ్లు అంటున్నావు, వాళ్లని కచ్చేరీలో ఒక్కొక్కణ్ణీ విడదీసి అడుగుతారు, ఏ చేత్తో కొట్టాడు, నువ్వు ఎక్కడ నిలబడ్డావు, ఎండ ఏ పక్కనుంచి ఉంది అని. అది కూడా డిసెక్షనే నేస్తం, మాటని కోస్తారు. ఒకడు భయపడితే చాలు, మిగతా ముప్పై తొమ్మిది చెడతాయి. కిందటేడు పితూరీ, ఆ కొండ తిరుగుబాటు, అయినప్పటి నుంచి కొండవాళ్లు గుంపుగా వస్తేనే వాళ్లకి అనుమానం. ఒళ్లు భయపడదు. ఒళ్లు కోస్తే ఒళ్లే చెబుతుంది. డాక్టరు రాసిన కాగితాన్ని ఎవరూ కాదనలేరు.

ఎంత బాగుందా మాట. నిజంగానే బాగుంది. నిన్న దాన్ని ఎటు తిప్పి చూసినా ఎక్కడా పగులు కనపడలేదు.

కోసిన మనిషిని పైనున్న పెద్దలు పోల్చుకోరురా అని అమ్మ మొత్తుకుంది. వదిన వద్దు అని ఒక్కసారే అంది, ఒక్కసారంటే చాలనుకుంది కాబోలు. ఊళ్లోవాళ్లు పేర్చిన కట్టెల దగ్గర్నుంచి లేచి వెళ్లిపోయారు, కోతకి వెళ్లే ఒంటిని మేం ముట్టం అన్నారు. చీకటి పడేదాకా అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని తనే ఒప్పించాడు, అన్న కోసమే అమ్మా, మేస్త్రీని జైల్లో ఎయ్యాలా వద్దా అని. చివరికి ఆమె కొడుకు వైపు చూడకుండా రామారావు వైపు చూసింది. "నువ్వున్నావు కదా, నాయనా. నీ సేతిలో పెడతన్నాను" అంది. డోలీ మొయ్యడానికి ఇద్దరు కావాలి, ఊళ్లో ఎవడూ రాలేదు. రామారావు చెప్పులు విడిచి కర్ర రెండో కొస భుజానికెత్తుకున్నాడు. పల్లపు మనిషి, అదీ సర్కారు కొలువులో ఉన్నవాడు, కొండవాడి శవాన్ని మోశాడు. మూడు గంటల దిగువ దారి. ముందు నడుస్తున్న అతని మెడ మీద కర్ర ఒరుసుకుని ఎర్రగా కందిపోతుంటే వెనక నుంచి చూస్తూ, తోడబుట్టినవాడు పోయాడు గాని ఇంకొకడు ఉన్నాడు అనుకున్నాడు సుక్రు. లేదు, నేస్తం ఉండగా ఏమీ కాదు. రంపం దేనికో అతనే చెబుతాడు.

చైత్రంలో ఇటుకల పండగ వేటకి దొరికిన కణుజు దుప్పి గుర్తొచ్చింది. అన్న కత్తి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎముక మీద కత్తి పెట్టకు, కీలు వెతుకు, అది దానంతట అదే ఊడుతుంది అన్నాడు. ఒక్కొక్కటీ తీసి అడ్డాకుల మీద పెడుతూ పేరు చెప్పాడు. ఇది కాలేయం, ఇది గుండె, ఇదిగో పొట్ట వెనక నాలుకలా పడుకుని ఉంది చూడు, మన జ్వరాలకి ఉబ్బి బల్ల కట్టేది ఇదే. అమ్మకీ ఉంది, నాకూ ఉంది, నీకూ ఉంది, కొండ మీద అది లేనివాడు ఎవడు అని తన డొక్క మీద తట్టుకున్నాడు. తర్వాత పంచాడు. బాణం తగిలించినవాడికి, కుక్కల్ని ఉసిగొలిపినవాడికి, డప్పు కొట్టినవాడికి, కాలు విరిగి ఇంట్లో ఉండిపోయినవాడికి కూడా. ఒక్క ముక్క దాచలేదు. ఆకులన్నీ పరిచాక ఇంకోసారి చూసుకున్నాడు, ఎవరిదైనా మర్చిపోయానా అని.

కొట్టు తలుపు తెరుచుకుంది. డాక్టరు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. చిన్నవాడు, మీసం కూడా సరిగ్గా రాలేదు, కొండకి వచ్చి ఆర్నెల్లు అయిందేమో. సుక్రును చూసి ఆగాడు. మొహంలో జాలి ఉంది, అది దొంగ జాలి కాదు.

"అయిపోయిందయ్యా. కుడుతున్నారు. కాసేపట్లో తీసుకెళ్లొచ్చు."

"ఏటి కనిపించింది, బాబూ?"

"బల్ల, అదే ప్లీహం, బాగా పెరిగి ఉంది. పాత జ్వరం మనిషి కదా. అది చిట్లి కడుపులో రక్తం కారిపోయింది. అలాంటివాడు రాయి మీద పడినా చాలు, ప్రాణం పోతుంది."

"పడనేదు, బాబూ. కొట్టినారు. పక్కటెముకలు సూసినారా? రెండు ఇరిగినాయి."

డాక్టరు అతని వైపు కొత్తగా చూశాడు. "నీకెలా తెలుసు?" అని, జవాబు కోసం ఆగకుండా, "అవును, రెండు విరిగి ఉన్నాయి. పడినప్పుడైనా విరగొచ్చు" అన్నాడు.

"కాగితంలో రాసినారా?"

"చావుకి కారణం ఏమిటని అడిగారు. అది రాశాను. దరఖాస్తులో ఏం అడిగితే దానికే నేను జవాబు చెప్పాలి."

"నాను ఎముకలు కూడా సూడమనే అడిగినాను, బాబూ. నేస్తంతో సెప్పినాను."

"నీ దరఖాస్తు కాదయ్యా. మేస్త్రీ సన్యాసిది. మొన్న సాయంత్రమే ఇచ్చాడు. జ్వరం మనిషి, పనిలో కాలుజారి పడ్డాడు, నా మీద లేనిపోని నింద వేస్తారు, శవాన్ని కోసి నిజం తేల్చమని. రాసిపెట్టింది మా రామారావే. మీవాళ్లు శవాన్ని ఇవ్వరేమో అంటే నేను తీసుకొస్తానని కూడా చెప్పాడు."

మొన్న సాయంత్రం. సుక్రు ఆ రెండు మాటల్నీ పట్టుకుని నిలబడ్డాడు. మొన్న సాయంత్రం రాశాడు, నిన్న మధ్యాహ్నం కొండ ఎక్కాడు. అంటే అన్న మొహం చూడక ముందే రాశాడు. కూలబడి ఏడవక ముందే, అమ్మ ముందు వేలు చాచక ముందే. నలభై మంది నోళ్లని ఒక్క కాగితం మూసేస్తుందని అతనికి అప్పటికే తెలుసు. కాగితం కావలసింది తనకి కాదు, సన్యాసికి. అన్నను ఊళ్లోనే కాల్చేసి ఉంటే సన్యాసి దగ్గర ఏమీ ఉండేది కాదు. నేనే తెచ్చి ఇచ్చాను, నా భుజం మీద పెట్టుకుని.

"రంపం దేనికి, బాబూ?" అని అడిగాడు.

"తల కూడా తెరిచి చూడాలి. తల, గుండె, పొట్ట. మూడూ చూస్తేగాని పరీక్ష అయినట్టు కాదు. ఎక్కడైనా అంతే. రామారావు చెప్పలేదా?"

డాక్టరు వెళ్లిపోయాడు. ఆ కాగితంలో అబద్ధం ఒక్కటి కూడా లేకపోవచ్చు, అదే చిత్రం. బల్ల ఉంది, నిజం. చిట్లింది, నిజం. జ్వరం మనిషి, నిజం. అన్నీ విప్పి, అన్నీ చూసి, ఒక్కటి మాత్రం లోపలే పెట్టి కుట్టేశారు. ఎముకలూ, పార కర్రా, వలిసె చేనూ.

రామారావు వచ్చాడు, చేతిలో కాగితం, సిరా పెట్టె. రెండడుగుల దూరంలో ఆగాడు. కళ్లు సుక్రు భుజం దాటి ఎటో చూస్తున్నాయి.

"సుక్రూ, ఒంటిని తీసుకున్నట్టు ఇక్కడ వేలిముద్ర వెయ్యాలి."

మూడేళ్లలో మొదటిసారి ఆ నోట తన పేరు విన్నాడు. ఎవర్నో పిలిచినట్టుంది. అంతదాకా తనలో ఒక మూల ఇంకా బతికి ఉన్నదేదో, అతను వచ్చి ఇదంతా డాక్టరు పొరపాటు నేస్తం అని అంటాడేమోనని కాచుకుని ఉన్నదేదో, ఆ పిలుపుతో చల్లారిపోయింది.

"మొన్న సాయంత్రం రాసినావా?"

రామారావు ఒక్కసారిగా మాట్లాడాడు, చాలాసేపు లోపల వరస పెట్టుకున్నవాడిలా. "మూడేళ్లయింది ఈ కొండ మీద. ఈ ఏడు ఇంకోసారి జ్వరం వస్తే నేను లేవను, డాక్టరే చెప్పాడు. నా కూతురు గుంట పుట్టి రెండేళ్లు, దాని మొహం రెండుసార్లు చూశాను. సన్యాసి వాళ్ల అన్న బదిలీలు చూసే ఆఫీసులో ఉన్నాడు, బదిలీ రాయిస్తానన్నాడు. నేను చెయ్యకపోతే ఇంకెవడో చేసేవాడు. పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు కదా."

సుక్రు కోపం కోసం వెతికాడు. వేటలో దొరకనిది దొరుకుతుందేమోనని పొద తర్వాత పొద కదిపినట్టు వెతికాడు. దొరకలేదు. దాని బదులు నిన్నటి ఏడుపు దొరికింది. నేల మీద కూలబడి, అన్న పాదాలు పట్టుకుని, ముక్కు కారుతూ ఏడ్చిన ఏడుపు. దాన్ని ఎన్ని వైపుల నుంచి విప్పినా కింద నటన కనపడలేదు. నిజంగానే ఏడ్చాడు. పసుపు బియ్యం కూడా నిజమే. కర్ర ఒరుసుకుని కందిన మెడ కూడా నిజమే, అదిగో ఇప్పటికీ ఎర్రగా ఉంది. అంతా అబద్ధమైతే ఎంత సులువుగా ఉండేది, ఉమ్మేసి వెళ్లిపోయేవాణ్ణి. ప్రేమా ఉంది, రాసిన చెయ్యీ ఉంది, రెండూ ఒకే మనిషిలో పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. ఎక్కడ కీలు ఉందో, ఎక్కడ విడదీయాలో తెలియలేదు. అమ్మకి ఏం చెప్పను? నీ చేతిలో పెట్టానంటే ఆ చేతే కోసిందని చెప్పనా?

వేలిముద్ర వేశాడు. వెయ్యకపోతే అన్న ఆ రాతి అరుగు మీదే ఉండిపోతాడు.

లోపల వాసన చల్లగా, ఘాటుగా ఉంది. అన్నను ఆస్పత్రి గుడ్డలో చుట్టి ఉంచారు. గుడ్డ కొస కొంచెం ఎత్తి చూశాడు. కోత వేలెడు లేదు. గొంతు దగ్గర మొదలై బొడ్డు కిందదాకా పోయింది, పెద్ద పెద్ద కుట్లు, గోనెసంచి కుట్టినట్టు. తల చుట్టూ తెల్ల గుడ్డ కట్టారు, నుదుటి దగ్గర తడి ఊరుతోంది. సుక్రు తన తలగుడ్డ విప్పాడు. అది రామారావు నుంచి తీసుకున్న తలగుడ్డ కాదు, అన్న ఒకప్పుడు సంతలో తెచ్చిచ్చింది, అందుకే ఈ పొద్దు చుట్టుకుని వచ్చాడు. దాన్ని తెల్ల గుడ్డ మీదుగా చెవుల కిందికి లాగి గట్టిగా కట్టాడు, వదిన చూడకుండా. కట్టేటప్పుడు తల చేతిలో అటూ ఇటూ వాలింది, చిన్నప్పుడు తన తల అన్న ఒళ్లో వాలినట్టు. మొహం మాత్రం మారలేదు. అమ్మకి మొహం చూపించొచ్చు, అనుకున్నాడు, మొహం చూపించి మిగతాది కప్పేయొచ్చు. అనుకున్నాక తన మీద తనకే భయం వేసింది. మొహం చూపించి మిగతాది కప్పెయ్యడం ఎవరి దగ్గర నేర్చుకున్నాను?

డోలీ కట్టి బయటికి తెచ్చి నేల మీద దించాడు. రామారావు వచ్చి, అలవాటుగానో, ఇంకేం చెయ్యాలో తోచకనో, వంగి కర్ర కొస పట్టుకున్నాడు.

"వాగు దాకా ఈ కొస నేను మోస్తాను."

"ఒద్దు, బాబూ" అన్నాడు సుక్రు.

గట్టిగా అనలేదు. జవానునీ, గుమాస్తానీ, మేస్త్రీనీ, సర్కారు చొక్కా వేసుకున్న ఎవర్నయినా అన్నట్టే అన్నాడు. రామారావు మొహం రాయి తగిలినట్టు పక్కకి తిరిగింది. కర్ర వదిలేశాడు. అది నేల మీద చిన్న చప్పుడు చేసింది.

ఇద్దరు లేనిదే డోలీ లేవదు. సుక్రు ఒక కొస పట్టుకుని నిలబడ్డాడు. ఎవర్ని పిలవాలో తెలియలేదు. అప్పుడు రత్నాలు పనస చెట్టు కింద నుంచి లేచి వచ్చింది. చీర కొంగు చుట్ట చుట్టి భుజం మీద వేసుకుంది. ముందు కొస దగ్గర కూర్చుని, కర్ర భుజానికి ఆనించుకుని, ఒక్క ఊపున లేచింది. ఆడమనిషి శవం మొయ్యరాదని ఊళ్లో అయితే అనేవాళ్లు. ఇక్కడ అలా అనడానికి ఊరివాళ్లు లేరు.

మంచు విడుతోంది. దారికి రెండు పక్కలా వలిసె చేలు పండి తేలుతున్నాయి, కొన్ని కోసి కుప్పలు వేశారు, కొన్నింటికి ఇంకా మనిషి రాలేదు. ఎక్కుడు దారిలో బరువంతా వెనకకి, తన మీదికి వస్తోంది. ముందు ఆమె వీపు, ఆమె మడమలు, ఆగని నడక. మొదటి మలుపు తిరిగాక ఆమె తల తిప్పకుండా అడిగింది.

"ఏటి సెప్పినారు?"

చెప్పడానికి అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. ఎముకలు దొరికాయని, మేస్త్రీని పట్టుకుంటారని, వేలెడే కోశారని. ఒకటి పొద్దున చెప్పేశాడు, దాని వెనక ఇవి వరసగా నిలబడి ఉన్నాయి. ఆమె నమ్ముతుంది. అమ్మ కూడా నమ్ముతుంది. ఆదివారం దొర ముందు సన్యాసి ఆ కాగితం తీసేదాకా ఊరంతా నమ్ముతుంది.

"మేస్త్రీయే కోయించమన్నాడంట, వదినా. మొన్ననే. నేస్తం రాసిచ్చినాడు. అన్న జొరమొచ్చి పడిపోనాడని కాగితం రాసీసినారు." ఊపిరి అందక ఆగాడు. "తల కూడా కోసీసినారు. పొద్దున ఇన్నావు కదా, అది కట్టెలు కాదు. నివ్వు ఒద్దన్నావు, నానే తెచ్చినాను. నానే కోయించినాను."

ఆమె ఆగింది. డోలీ ఆగింది. వీపు మాత్రమే కనిపిస్తోంది, అది ఎక్కువ వంగలేదు, తక్కువ వంగలేదు. ఆ వీపు ఏమనుకుంటోందో సుక్రుకు తెలియలేదు, తెలుసుకోవాలని ప్రయత్నించనూ లేదు. కర్ర దించేస్తుందేమో, దించి వెళ్లిపోతే అది న్యాయమే అనుకున్నాడు. కొండ కింద ఎక్కడో రోడ్డు పనివాళ్ల గునపాలు రాతిని కొడుతున్న చప్పుడు మొదలైంది.

రత్నాలు కర్రను ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుంది.

"నడు" అంది.